గర్భసంచికి ఎవరు జవాబుదారీ?



"గర్భసంచి తీసేస్తే పీడ వదిలిపోతుంది" అన్న మాట తెలుగునాట ఎంత సులభంగా నోటికి వస్తుందో గమనించారా? నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే అదే మాట. తెల్లబట్ట అవుతున్నదంటే అదే మాట. చివరికి నడుము నొప్పికి కూడా అదే మాట. ఇద్దరు బిడ్డలు పుట్టారు, ఇక దానితో పనేమున్నదని ఇంటివారు అంటారు. ఉంచితే క్యాన్సర్ అవుతుందని ఆస్పత్రిలో అంటారు. ఈ రెండు మాటల నడుమ ఒక స్త్రీ తన అవయవాన్ని కోల్పోయి ఇంటికి తిరిగి వస్తుంది.

2015-16లో జరిగిన నాల్గవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ల వయస్సు గల స్త్రీలలో దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు ముగ్గురికి గర్భాశయం తొలగించబడి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య సుమారు 9. తెలంగాణలో సుమారు 8. అన్ని రాష్ట్రాలలోనూ మొదటి రెండు స్థానాలు మనవే. ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రులలో జరిగాయి. మన స్త్రీల గర్భాశయాలు ఇతర రాష్ట్రాల స్త్రీల గర్భాశయాల కంటే మూడు రెట్లు ఎక్కువగా జబ్బు పడతాయని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. తేడా శరీరాలలో లేదు. చికిత్స చేసే అలవాటులో ఉన్నది.

ఇన్ని శస్త్రచికిత్సలు జరిగే చోట నిర్లక్ష్యానికి బలైనవారు లేకుండా ఉండరు. అయినా నష్టపరిహారం కోరి వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే స్త్రీలు అరుదు. అడిగినవారిని లోకం డబ్బాశపరులంటుంది. అడగనివారు తమ తలరాత అనుకుంటారు.

నా వృత్తి జీవితమంతా ప్రభుత్వ వైద్య సేవలో గడిచింది. ఈ వ్యాసం నా వృత్తిబంధువులలో పలువురికి రుచించదని తెలుసు. అయినా చెప్పక తప్పదు. నిర్లక్ష్యపు చికిత్సకు పరిహారం అడగడం అత్యాశ కాదు, వైద్యవృత్తిపై దాడి అంతకన్నా కాదు. ఒక వృత్తి తనను తాను దిద్దుకోనప్పుడు సమాజానికి మిగిలే దిద్దుబాటు అది. నష్టపోయిన స్త్రీకి నేడు అడ్డుగా నిలుస్తున్నది చట్టం లేకపోవడం కాదు. ఆమె చేతిలో కాగితం లేకపోవడం.

ఏది నిర్లక్ష్యం, ఏది కాదు

ముందుగా న్యాయమైన మాట ఒకటి చెప్పాలి. చికిత్స ఫలించకపోవడమే నిర్లక్ష్యం కాదు. ఎంత నేర్పరి చేసినా కొన్ని శస్త్రచికిత్సలలో ఉపద్రవాలు తలెత్తుతాయి. మూత్రపిండం నుండి మూత్రాశయానికి దిగే నాళం గర్భాశయ ధమనికి అతి సమీపంగా, దాని కిందుగా సాగుతుంది. గర్భాశయం తొలగించేటప్పుడు ఆ నాళానికి గాయమయ్యే ప్రమాదం పాఠ్యపుస్తకాలలో రాసి ఉన్నదే. గాయమైనంత మాత్రాన వైద్యురాలు దోషి కాదు.

అయితే శస్త్రచికిత్స తరువాత రోగికి జ్వరం తగ్గకపోయినా, పక్కటెముకల కింద నొప్పి అంటున్నా, యోని మార్గంలో మూత్రం కారుతున్నా, "కొత్తలో అంతే, తగ్గిపోతుంది" అని మాత్రలిచ్చి ఇంటికి పంపితే అది ఉపద్రవం కాదు, నిర్లక్ష్యం. రక్తస్రావమవుతున్న రోగి నాడి, రక్తపోటు రాత్రంతా ఎవరూ చూడకపోతే అది నిర్లక్ష్యం. గుడ్డ ముక్కల లెక్క చూడకుండా పొట్ట కుట్టివేస్తే నిర్లక్ష్యం. క్యాన్సర్ భయం చూపి, క్యాన్సర్ పరీక్ష ఒక్కటీ చేయకుండా గర్భాశయాన్ని తీసివేస్తే అది నిర్లక్ష్యాన్ని మించినది.

న్యాయస్థానాలు అద్భుత నైపుణ్యాన్ని కోరడం లేదు. ఆ రంగంలో సగటు సామర్థ్యం గల వైద్యుడు ఆ పరిస్థితిలో తీసుకునే జాగ్రత్తను మీరు తీసుకున్నారా అని మాత్రమే అడుగుతాయి. 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు మరొక గీత కూడా గీసింది. వైద్యుని నేరస్థునిగా విచారించాలంటే నిర్లక్ష్యం అతి తీవ్రమైనదై ఉండాలి. పోలీసులు ముందుగా స్వతంత్ర వైద్యుని అభిప్రాయం తీసుకోవాలి. అందరినీ యాంత్రికంగా అరెస్టు చేయరాదు. అంటే జైలు భయం వేరు, పరిహార బాధ్యత వేరు. ఈ రెంటినీ కలిపి చూపి, పరిహారం అడిగిన ప్రతి స్త్రీని వైద్యులను జైలుకు పంపడానికి వచ్చినదానిగా చిత్రించడం మా వృత్తిసంఘాల పాత అలవాటు.

సంతకం ఎవరిది?

గర్భసంచి ఆపరేషన్ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా భంగపడే హక్కు అంగీకారానిది. కాగితం మీద ఒక సంతకం ఉంటుంది. ఆ సంతకం చాలాసార్లు భర్తది, లేదా అత్తగారిది, లేదా అన్నగారిది. కింద ఏమి రాసి ఉన్నదో సంతకం చేసినవారికి తెలియదు, ఎందుకంటే అది ఆంగ్లంలో ఉంటుంది.

దీనిపై సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పును ప్రతి స్త్రీ తెలుసుకోవాలి. 1995 మే నెలలో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత అధిక రక్తస్రావంతో ఒక క్లినిక్‌కు వెళ్లింది. వ్యాధి ఏమిటో తెలుసుకోవడానికి లాపరోస్కోపీ పరీక్షకు అంగీకరించింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం చేయించి, గర్భాశయాన్నీ, అండాశయాలనూ, వాటి నాళాలనూ తొలగించారు. ప్రాణాపాయం ఏదీ లేదు. ఆమె మెలకువ వచ్చేదాకా ఆగితే ముంచుకొచ్చేదీ లేదు.

పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు అంగీకారం కాదని కోర్టు తేల్చింది. తెలివిలో ఉన్న వయోజనురాలి శరీరం గురించి ఆమెకు బదులుగా తల్లి కూడా అంగీకారం ఇవ్వజాలదన్నది. ప్రాణాన్ని కాపాడే అత్యవసరమొక్కటే మినహాయింపు. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, చేయించుకోకపోతే కలిగే ఫలితం ఇవన్నీ చెప్పిన తరువాతనే అంగీకారానికి విలువ అన్నది.

ఎంతో గొప్ప తీర్పు. మరి పరిహారం ఎంత? ఆమె 25 లక్షలు కోరింది. వైద్యురాలు రోగి మేలు కోరే చేసిందని భావించి, శస్త్రచికిత్స రుసుము రద్దు చేసి, 25 వేల రూపాయలు ఇప్పించారు. జరిగినది 1995లో, తీర్పు 2008లో. పదమూడేళ్ల న్యాయపోరాటానికి 25 వేలు. సూత్రం బంగారం, పరిహారం చిల్లర. మన దేశంలో ఈ విషయం నడుస్తున్న తీరంతా ఆ ఒక్క కేసులో కనిపిస్తుంది.

వైద్యుల అభ్యంతరాలు

నా వృత్తిబంధువులు చెప్పే మొదటి అభ్యంతరం ఇది. కేసుల భయంతో వైద్యులు ఆత్మరక్షణ వైద్యానికి దిగుతారు, అనవసర పరీక్షలు రాస్తారు, చివరికి రోగికే ఖర్చు పెరుగుతుంది. కొన్ని రంగాలలో ఈ వాదనకు బలం ఉండవచ్చు. గర్భాశయం విషయంలో మాత్రం ఇది తలకిందులు వాదన. ఇక్కడ ఆత్మరక్షణ అంటే ఏమి చేయాలి? పాప్ స్మియర్ చేయాలి. అవసరమైతే గర్భాశయపు లోపొర నుండి ముక్క తీసి బయాప్సీకి పంపాలి. రక్తహీనతకు ఇనుము ఇవ్వాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, హార్మోను చికిత్స, హార్మోను లూప్ వంటివి ప్రయత్నించాలి. అవి విఫలమైనట్లు కేసు షీటులో రాయాలి. ఇది ఆత్మరక్షణ వైద్యం కాదు, పాఠ్యపుస్తక వైద్యం. కేసు భయం మనచేత ఈ పని చేయిస్తే ఆ భయానికి నమస్కారం.

తెల్లబట్టకు గర్భాశయం తొలగించనక్కరలేదు. స్కానింగులో "గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉన్నది" అని వచ్చినంత మాత్రాన తొలగించనక్కరలేదు. బాధ పెట్టని చిన్న ఫైబ్రాయిడ్‌కు అక్కరలేదు. గర్భాశయ ముఖద్వారం మీద ఎర్రగా కనిపించే భాగాన్ని "పుండు" అని పేరు పెట్టి, అదే రేపు క్యాన్సర్ అవుతుందని బెదిరించడం అసత్యం. చిన్న వయస్సులో అండాశయాలను కూడా తీసివేస్తే నెలసరి ఆగిపోయే దశ ఒక్కసారిగా మీద పడుతుంది. ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా కొందరిలో ఆ దశ ముందే వస్తుంది. ఇవి చెప్పకుండా తీసుకున్న సంతకానికి ఏమి విలువ?

రెండవ అభ్యంతరం, వైద్యం వ్యాపారం కాదు కనుక వినియోగదారుల చట్టం మాకు వర్తించరాదన్నది. 1995 నవంబరులో, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ స్వయంగా కక్షిదారుగా ఉన్న కేసులోనే సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. 2019లో కొత్త చట్టం వచ్చాక, అందులో ఆరోగ్య సేవ అనే మాట విడిగా లేదు కనుక వైద్యులు దాని పరిధిలోకి రారని మరొకసారి వాదించి చూశారు. 2022లో అదీ వీగిపోయింది. రుసుము తీసుకునేటప్పుడు సేవ, లెక్క అడిగినప్పుడు ధర్మం అంటే కుదరదు. పల్లెలో ఆర్‌ఎంపీకి కమిషన్ ముట్టజెప్పి గర్భసంచి కేసులు తెప్పించుకునే నర్సింగ్‌హోమ్‌లు మన జిల్లా కేంద్రాలలో ఉన్నాయని ఈ వృత్తిలో ఉన్న ఎవరికి తెలియదు? అది వ్యాపారం కాకపోతే మరేమిటి?

మూడవ అభ్యంతరం, వైద్యుని తప్పును వైద్యేతరులు ఎలా తేలుస్తారన్నది. నిపుణుని అభిప్రాయం కావలసిన కేసులు ఉన్నాయి, నిజమే. కానీ 2010లో హైదరాబాద్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: ప్రతి ఫిర్యాదుకూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదు. మలేరియా రోగికి టైఫాయిడ్ చికిత్స చేసిన కేసు అది. కొన్ని సంగతులు తమకు తామే మాట్లాడతాయి. పొట్టలో గుడ్డ ఉండిపోయిందంటే దానిని వివరించడానికి ప్రొఫెసరు అవసరం లేదు. అసలు చిక్కు నిపుణులు దొరకకపోవడం కాదు, మనలో మనం సాక్ష్యం చెప్పకూడదనే కట్టుబాటు. సహవైద్యుని తప్పు కళ్లెదుట కనిపించినా "అభిప్రాయం చెప్పజాలను" అని తప్పుకునే మా మౌనమే ఫిర్యాదుదారులను వీధికి నెడుతున్నది.

వీధి న్యాయం సంగతి కూడా చెప్పాలి. రోగి చనిపోతే బంధువులు శవాన్ని ఆస్పత్రి గేటు ముందు ఉంచి ధర్నా చేస్తారు. అద్దాలు పగులుతాయి. ఎవరో నాయకుడు మధ్యవర్తిగా వస్తాడు. రాత్రికి రాత్రి బేరం కుదురుతుంది. కొంత సొమ్ము చేతులు మారుతుంది, అందులో మధ్యవర్తి వాటా మధ్యవర్తిది. పోస్టుమార్టం ఉండదు, ఫిర్యాదు ఉండదు, ఎక్కడా ఒక్క అక్షరం నమోదు కాదు. మరుసటి వారం అదే బల్లపై అదే పద్ధతిలో మరొక స్త్రీకి శస్త్రచికిత్స జరుగుతుంది. వైద్యులపై దాడిని నేను ఏనాడూ సమర్థించను. అంతకంటే ఎక్కువగా ఈ రాజీ బేరాన్ని అసహ్యించుకుంటాను. దాడి ఆ ఒక్క రోజు హాని. రాజీ బేరం రాబోయే రోగులందరికీ హాని.

సర్కారు ఆస్పత్రిలో పేద స్త్రీ

డబ్బు కట్టిన స్త్రీకి వినియోగదారుల కమిషన్ ఉన్నది. అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే ప్రభుత్వ ఆస్పత్రి ఆ చట్టం కిందకు రాదు. అందుచేత ప్రభుత్వ ఆస్పత్రిలో నష్టపోతే దిక్కు లేదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. సివిల్ కోర్టు ఉన్నది, హైకోర్టులో రిట్ ఉన్నది, ఉద్యోగి నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలన్న తీర్పులున్నాయి.

వాటిలో ఒకటి పూర్వం మన హైదరాబాద్ రాష్ట్రంలో ఉండిన ఔరంగాబాద్‌ది. 1963 జులైలో అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక స్త్రీకి ప్రసవం తరువాత కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేశారు. పొట్టలో గుడ్డ వదిలివేశారు. చీము పట్టి, రెండు వారాలు తిరగకుండానే ఆమె మరణించింది. కింది కోర్టు 36 వేల రూపాయల పరిహారం ఇచ్చింది. హైకోర్టు దానిని కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆ 36 వేలను మళ్లీ నిలబెట్టినది 1996 ఫిబ్రవరిలో. తల్లి మరణించినప్పుడు పుట్టిన బిడ్డకు అప్పటికి 33వ ఏడు. ప్రభుత్వ ఆస్పత్రిలో నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యురాలన్న సూత్రం గెలిచింది. ఆ గెలుపు ఎవరి జీవితానికి అక్కరకు వచ్చిందో మీరే ఆలోచించండి.

హర్యానాలో ఏడుగురు బిడ్డల తల్లి అయిన ఒక కూలీ స్త్రీ 1988లో పిల్లల ఆపరేషన్ చేయించుకున్నది. అయినా మళ్లీ గర్భం వచ్చింది. విచారణలో తేలిందేమంటే, కుడివైపు నాళాన్ని మాత్రమే కట్టి ఎడమవైపు దానిని ముట్టుకోలేదట. ఆమెకు ఇచ్చిన 54 వేల రూపాయల పరిహారాన్ని 2000లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2005లో మరో కేసులో అదే కోర్టు, సరిగా చేసిన ఆపరేషన్ కూడా ప్రకృతి సహజంగా అరుదుగా విఫలం కావచ్చుననీ, గర్భం వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్లు కాదనీ చెప్పింది. రెండు తీర్పులూ సబబే. మొదటిదానిలో తప్పు రుజువైంది, రెండవదానిలో కాలేదు. తేడా అంతా ఆపరేషన్ నోట్సులోనూ, ఆ తరువాతి పరీక్షలోనూ దొరికే సాక్ష్యానిది.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపంలో కొద్ది గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు ఒకే శిబిరంలో శస్త్రచికిత్సలు చేశారు. ప్రభుత్వ నియమాల ప్రకారం ఒక బృందం రోజుకు 30కి మించి చేయరాదు. ఆ జిల్లాలో ఆ కొద్ది రోజుల శిబిరాల తరువాత 13 మంది స్త్రీలు మరణించారు. 2016లో సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్లలోగా ఆపివేయాలని, బాధితుల పరిహారాన్ని పెంచాలని చెప్పింది. ఆ మూడేళ్లూ గడిచిపోయాయి. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి శస్త్రచికిత్సలు చేశారు. నలుగురు తల్లులు మరణించారు.

ఇబ్రహీంపట్నం బాధిత కుటుంబాలకు ప్రభుత్వం 5 లక్షల రూపాయలు, ఇల్లు ప్రకటించింది. ఇవ్వవలసినదే, ఇచ్చినందుకు అభ్యంతరం లేదు. కానీ దానిని పరిహారం అనకండి. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. పరిహారం అంటే తప్పు ఒప్పుకుని చెల్లించేది. దయకు కారణం చెప్పనక్కరలేదు, దయ మీద అప్పీలు ఉండదు, దయ చూపినవారు పత్రికలో ఫొటో వేయించుకోవచ్చు. పరిహారం అలా కాదు. ఎవరి తప్పు, ఏ తప్పు, ఎంత నష్టం అన్న మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు చెప్పకుండా దానిని చెల్లించడం సాధ్యం కాదు. పాలకులు దయను ఇష్టపడేది అందుకే.

లెక్క కట్టే తీరు

మన దేశంలో నష్టాన్ని ప్రధానంగా ఆదాయాన్ని బట్టి లెక్కిస్తారు. 2013లో కోల్‌కతాకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల రూపాయల పరిహారం ఇచ్చింది. మరణించిన స్త్రీ అమెరికాలో స్థిరపడిన విద్యాధికురాలు. ఆ కుటుంబానికి అది న్యాయమే. మరి పత్తి చేలో కూలికి పోయే స్త్రీ నష్టం ఎంత? ఆమె రోజు కూలి తక్కువ కనుక ఆమె గర్భాశయం చవక అని చెప్పే లెక్క అది. కూలికి కూడా పోకుండా ఇంటిపట్టున ఉండే స్త్రీకైతే "ఆదాయం లేదు" అని రాస్తారు.

ఇంటి పనికి విలువ కట్టాలని, గృహిణికి ఆదాయం లేదనడం తప్పని 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద కేసులో చెప్పింది. అదే న్యాయాన్ని వైద్య నిర్లక్ష్యానికీ పూర్తిగా వర్తింపజేయాలని అడుగుతున్నాను. 32 ఏళ్లకే అండాశయాలు పోయిన స్త్రీకి రాబోయే ముప్పై ఏళ్లలో ఎముకల వైద్యానికి అయ్యే ఖర్చు లెక్కలో చేరాలి. మూత్రం కారుతున్నదని కాపురానికి దూరం పెట్టబడిన నెలలు లెక్కలో చేరాలి. సరిచేయడానికి చేసిన రెండవ, మూడవ ఆపరేషన్లు, పోయిన కూలి, చేసిన అప్పు, దానిపై వడ్డీ ఇవన్నీ చేరాలి. ఇవి ఊహలు కాదు. ఏ ప్రసూతి వార్డులో అడిగినా చెబుతారు.

మీ చేతిలో ఉండవలసిన కాగితాలు

ఇక మీరు చేయగలిగినది చెబుతాను. ఆపరేషన్ అన్నప్పుడు, అమ్మా, నాలుగు ప్రశ్నలు అడగండి. నాకున్న వ్యాధి పేరు ఏమిటి? మందులతో నయం చేసే మార్గం ప్రయత్నించారా? అండాశయాలను ఉంచుతారా, తీస్తారా? ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? జవాబును కాగితం మీద రాయమనండి. రక్తం ఆగక ప్రాణాపాయం ఉంటే తప్ప, మరొక వైద్యురాలి అభిప్రాయం తీసుకునే వ్యవధి ఎప్పుడూ ఉంటుంది. సంతకం మీది కావాలి, మీకు అర్థమైన భాషలో కావాలి.

ఆపరేషన్ తరువాత డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, స్కానింగు రిపోర్టులు భద్రపరచండి. తొలగించిన గర్భాశయాన్ని పరీక్షించి ఇచ్చిన బయాప్సీ రిపోర్టును అడిగి తీసుకోండి. అందులో వ్యాధి ఏదీ లేదని ఉంటే అదొక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు, కానీ అడగవలసిన ప్రశ్న అక్కడ మొదలవుతుంది. అసలు పరీక్షకే పంపకపోతే ఎందుకు పంపలేదన్నది మరింత పెద్ద ప్రశ్న. వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగి కోరితే ఇన్‌పేషెంట్ రికార్డులను 72 గంటలలోగా ఇవ్వాలి. ఆ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. నోటితో అడగకండి. రాసి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే ఆ నకలే మీ మొదటి సాక్ష్యం.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బాధను ఓర్చుకుంటూ కూర్చుంటే గడువు ఆగదు. ఒక శస్త్రచికిత్సలో పొట్టలో గాజు గుడ్డ ఉండిపోయిన స్త్రీ తొమ్మిదేళ్ల తరువాత దానిని తీయించుకుని ఫిర్యాదు చేస్తే, ఇన్నేళ్లూ నొప్పి ఉన్నా ఎందుకు విచారించలేదని 2010లో సుప్రీంకోర్టు ఆమె కేసును గడువు మీరినదిగా తేల్చింది. ఆమె స్వయంగా నర్సు.

మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఏ కమిషన్ అన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాక, మీరు చెల్లించిన సొమ్మును బట్టి నిర్ణయమవుతుంది. అది 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే. చెల్లించినది 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. కావాలంటే, 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కున్నది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో నష్టపోయినవారు సైతం అక్కడికే వెళ్లి దారి అడగవచ్చు.

అడగవలసినవారిని అడుగుదాం

అనవసర గర్భాశయ తొలగింపులపై కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద స్త్రీలకు జరిగిన అన్యాయంపై ఒక వైద్యుడే వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ సంఘాలుండాలన్నది, 40 ఏళ్ల లోపు స్త్రీలకు చేసిన శస్త్రచికిత్సలను ప్రత్యేకంగా పరిశీలించాలన్నది వాటి సారాంశం. కేసు వేసినది మన రాష్ట్రాల గురించి కాదు. కానీ అంకెలలో ముందున్నది మనం.

కనుక మీ జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని అడగండి. ఆ సంఘం ఉన్నదా? ఎన్నిసార్లు సమావేశమైంది? గత ఏడాది 40 ఏళ్ల లోపు స్త్రీలలో ఎందరికి గర్భాశయం తొలగించారు, ఏ కారణంతో? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు. తెలుగులో అచ్చయిన అంగీకార పత్రం ప్రతి ఆస్పత్రిలో ఉండాలని, బయాప్సీ రిపోర్టు ఇవ్వనిదే బిల్లు తీసుకోరాదని ప్రభుత్వాన్ని అడగండి.

నా వృత్తిబంధువులకు ఒక్క విన్నపం. మంచి వైద్యునికి కేసు షీటు కంటే మంచి న్యాయవాది లేడు. ఎందుకు తొలగించారో, అంతకుముందు ఏమి ప్రయత్నించారో, రోగికి ఏమి చెప్పారో నాలుగు వాక్యాలు రాసిన వైద్యురాలు ఏ కమిషన్ ముందైనా తల ఎత్తుకుని నిలబడగలదు. రాయనివారిని కాపాడటం వృత్తిసంఘం పని కాదు.

పాఠకులారా, పోయిన గర్భాశయాన్ని ఏ పరిహారమూ తిరిగి తేలేదు. కానీ మీరు వేసిన ఒక ఫిర్యాదు వలన ఆ ఆస్పత్రిలో తరువాతి స్త్రీని బల్ల మీదికి ఎక్కించే ముందు ఎవరో ఒకరు ఆగి, బయాప్సీ రిపోర్టు వచ్చిందా అని అడుగుతారు. ఆ స్త్రీ ఎవరో మీకు తెలియదు, మీ మేలు ఆమెకు తెలియదు. అయినా అడగండి. రెండేళ్ల గడువు దాటకముందే అడగండి.